టంకం పొగకు బయటి దారి



మా చిన్నతనంలో, అంటే స్టీలు గిన్నెలు ఇంటింటికీ ఇంకా రాని రోజుల్లో, ఏడాదికి ఒకటి రెండుసార్లు మా వీధిలోకి కళాయి వేసే తాతగారు వచ్చేవారు. వేపచెట్టు కింద చిన్న గుంట తవ్వి, బొగ్గులు పోసి, తిత్తితో ఊదుతూ ఇత్తడి గిన్నెలను కాల్చేవారు. కాలిన గిన్నెలో చిటికెడు నవాసారం చల్లితే గుప్పున తెల్లటి పొగ లేచేది. వెంటనే తగరం ముక్కను తాకించి గుడ్డతో రుద్దితే గిన్నె లోపలంతా వెండిలా మెరిసేది. పిల్లలం ఆ మెరుపునే చూసేవాళ్ళం. ఆయన కూర్చునే పద్ధతిని మాత్రం నేను చాలా ఏళ్ళ తర్వాత గానీ అర్థం చేసుకోలేదు. గాలి ఎప్పుడూ తన వీపు వైపునుంచి వచ్చేలా కూర్చునేవారు. గాలి మళ్ళితే ఆయన కూడా గుంటకు అటువైపు మారేవారు. పొగ తన ముఖాన్ని దాటి కాకుండా, ముఖానికి దూరంగా పోవాలన్నది ఆయన సూత్రం.

ఇవాళ మీలో చాలామంది పాఠశాల ప్రదర్శనలకో, పాలిటెక్నిక్ ప్రాజెక్టులకో సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటున్నారు. మీరు చేసే పని కూడా ఒక విధంగా ఆ తాతగారి పనే. కానీ మీరు చెట్టు కింద కాదు, తలుపులు మూసిన గదిలో, బల్లమీదకు వంగి కూర్చుని చేస్తున్నారు. అందుకే ఈ పాఠంలో టంకం పొగను లాగి బయటకు పంపే ఒక చిన్న సాధనాన్ని ఇంట్లోనే ఎలా తయారుచేసుకోవాలో, అది ఏ సూత్రం మీద పనిచేస్తుందో తెలుసుకుందాం.

ఆ పొగలో ఏముంది?

దుకాణంలో ‘లెడ్ వైరు’ అని అడిగితే ఇచ్చే తీగ ఎక్కువగా 60 శాతం తగరం, 40 శాతం సీసం కలిసిన మిశ్రమ లోహం. ఇది 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడడం మొదలుపెట్టి, సుమారు 190 డిగ్రీలకు పూర్తిగా కరుగుతుంది. ఐరన్ మొనను సాధారణంగా 300 నుంచి 400 డిగ్రీల మధ్య ఉంచుతారు. మరి పైకి లేచే పొగ సీసానిదేనా? చాలామంది అలాగే అనుకుంటారు. అది పొరపాటు. సీసం 327 డిగ్రీలకే కరిగినా, మరగడానికి 1749 డిగ్రీలు కావాలి. 400 డిగ్రీల దగ్గర దాని నుంచి వచ్చే ఆవిరి లెక్కలోకి రానంత స్వల్పం.

పొగ వచ్చేది తీగ లోపలినుంచి. తీగను అడ్డంగా కోసి భూతద్దంతో చూడండి. మధ్యలో సన్నటి రంధ్రం, అందులో పసుపుపచ్చని బంక కనిపిస్తాయి. దానిని రోజిన్ అంటారు. పైన్ చెట్ల నుంచి కారే జిగురును వేడిచేసి, అందులోని టర్పెంటైన్ నూనెను తీసేయగా మిగిలిన గట్టి పదార్థమే ఇది. మన హిమాలయ ప్రాంతాలలో చీర్ పైన్ చెట్లకు గాట్లు పెట్టి ఈ జిగురును సేకరిస్తారు. రోజిన్‌లో ప్రధానంగా అబియెటిక్ ఆమ్లం వంటి సేంద్రియ ఆమ్లాలు ఉంటాయి. వేడెక్కగానే ఇవి రాగిమీద ఉన్న ఆక్సైడ్ పొరను తొలగిస్తాయి. అప్పుడే లోహానికి లోహం అతుకుతుంది. కళాయి తాతగారి గిన్నెలో నవాసారం చేసిన పని కూడా ఇదే.

అయితే ఐరన్ మొన దగ్గర రోజిన్ కొంత ఆవిరై, కొంత విచ్ఛిన్నమై పొగగా మారుతుంది. అందులో ఫార్మాల్డిహైడ్ వంటి ఆల్డిహైడులు స్వల్పంగా ఉంటాయి. వాటితోపాటు రోజిన్ ఆమ్లాల అతి సన్నని కణాలు ఉంటాయి. ఈ కణాలలో అధిక భాగం ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు కన్నా చిన్నవి. ముక్కులోని వెంట్రుకలు, గొంతులోని తడి వీటిని ఆపలేవు. ఊపిరితిత్తుల లోతుల దాకా పోతాయి.

సీసం రహితమైన తీగ వాడితే ఈ బాధ ఉండదా అని మీరు అడగవచ్చు. ఐరోపా సమాఖ్యలో 2006 జూలై 1 నుంచి ఎలక్ట్రానిక్ పరికరాలలో సీసం మీద ఆంక్షలు అమలులోకి వచ్చాయి. మన దేశంలో 2011 నాటి ఈ-వ్యర్థాల నిబంధనలతో అటువంటి పరిమితులు మొదలయ్యాయి. సీసం లేని తీగ మంచిదే. కానీ అది కరగడానికి సుమారు 217 నుంచి 220 డిగ్రీలు కావాలి. వేడి పెంచాలి, ఫ్లక్స్ కూడా బలమైనది కావాలి. కాబట్టి పొగ తగ్గదు.

దగ్గును నేను తేలికగా తీసుకున్న రోజు

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను ప్రయోగ తరగతులు తీసుకున్న ఒక కళాశాలలో ముప్ఫై మంది ఒకేసారి సోల్డరింగ్ చేసేవారు. దుమ్ము పడుతుందని కిటికీలు మూసి ఉంచేవాళ్ళం. ఒక అబ్బాయి వారం చివరికల్లా దగ్గేవాడు. జలుబు చేసిందేమో, వేడినీళ్ళు తాగమని నేనే చెప్పాను. దసరా సెలవులకు ఊరికి వెళితే దగ్గు మాయమైంది. తిరిగి వచ్చి బల్ల దగ్గర కూర్చున్న మూడో రోజుకు ఆయాసంతో సహా తిరిగి వచ్చింది. ఆ కుర్రాడు చక్కటి పనిమంతుడు. వాళ్ళ అమ్మగారు డాక్టరు దగ్గరకు తీసుకువెళితే ఉబ్బసం అని తేలింది. చివరకు ఆ పనినే వదులుకోవలసి వచ్చింది. ‘సెలవుల్లో తగ్గుతుంది, పనిలో చేరగానే వస్తుంది’ అన్న ఒక్క సంగతి గమనించి ఉంటే నేను ముందే మేల్కొని ఉండేవాడిని.

రోజిన్ పొగకు కొందరి శరీరం ఇలా స్పందిస్తుంది. రోజులో, నెలల్లో, ఏళ్ళలో ఎప్పుడు మొదలవుతుందో చెప్పలేం. ఒకసారి శరీరం దానికి ‘అలవాటు తప్పితే’, అంటే అలర్జీ ఏర్పడితే, ఆ తర్వాత కొద్దిపాటి పొగ కూడా ఆయాసం తెప్పిస్తుంది. బ్రిటన్‌లో పనివారి ఆరోగ్యాన్ని చూసే ప్రభుత్వ సంస్థ వృత్తిరీత్యా వచ్చే ఉబ్బసానికి ముఖ్య కారణాలలో రోజిన్ పొగను ఒకటిగా గుర్తించింది. కాబట్టి వచ్చాక మందు వెతకడం కన్నా రాకుండా చూసుకోవడమే మన మార్గం.

ఊదడం వేరు, పీల్చడం వేరు

పొగ లాగే సాధనం అనగానే చాలామంది ఒక కంప్యూటర్ ఫ్యాను తెచ్చి బల్లమీద ఒక మూల పెట్టి పని అయిపోయిందనుకుంటారు. ఎందుకు కాలేదో తెలియాలంటే ఒక చిన్న ప్రయోగం చేయండి. వెలుగుతున్న కొవ్వొత్తిని మూరెడు దూరంలో పెట్టి ఊదండి. ఆరిపోతుంది. ఇప్పుడు అదే దూరం నుంచి గాలిని లోపలికి పీల్చి ఆర్పడానికి ప్రయత్నించండి. జ్వాల కదలను కూడా కదలదు. (మీసం కాలేంత దగ్గరకు మాత్రం వెళ్ళకండి!)

కారణం ఏమిటి? నోటి నుంచి వెలువడే గాలి ఒకే దిశలో ధారలా పోతుంది. లోపలికి వచ్చే గాలి అలా కాదు. ముందునుంచి, పక్కలనుంచి, పైనుంచి, కిందనుంచి, అన్ని వైపులనుంచీ వస్తుంది. కాబట్టి ఏ ఒక్క వైపూ వేగం ఉండదు. దూరం పెరిగేకొద్దీ ఆ కొద్దిపాటి వేగం కూడా వేగంగా పడిపోతుంది.

1930 దశకంలో డల్లావాల్ అనే అమెరికన్ ఇంజినీరు దీనిని కొలిచి ఒక సూత్రం ఇచ్చాడు. తేలిక మాటల్లో అది ఇలా ఉంటుంది:

గాలి వేగం = సెకనుకు లాగే గాలి ÷ (10 × దూరం × దూరం + మూతి వైశాల్యం)

మన సాధనం మూతి 10 సెం.మీ. వ్యాసం గల గుండ్రని గొట్టం అనుకుందాం. దాని వైశాల్యం 0.00785 చదరపు మీటర్లు. అది సెకనుకు 12.5 లీటర్ల గాలిని, అంటే 0.0125 ఘనపు మీటర్లను లాగుతోందనుకుందాం. లెక్క వేస్తే:

మూతి దగ్గర వేగం సెకనుకు సుమారు 1.6 మీటర్లు.
5 సెం.మీ. దూరంలో 0.38 మీటర్లు.
10 సెం.మీ. దూరంలో 0.12 మీటర్లు.
20 సెం.మీ. దూరంలో 0.03 మీటర్లు.

నిశ్చలమైన గాలిలో మెల్లగా లేచే పొగను పట్టుకోవడానికి సెకనుకు సుమారు 0.25 నుంచి 0.5 మీటర్ల వేగం కావాలి. అంటే 5 సెం.మీ. దూరంలో మన సాధనం పనిచేస్తుంది. జానెడు దూరంలో పెడితే అది చప్పుడు చేస్తుందే గానీ పొగను లాగదు. ఈ పాఠంలో మీరు గుర్తుపెట్టుకోవలసిన మొదటి సంగతి ఇదే: ఫ్యాను ఎంత పెద్దది అన్నదానికన్నా, మూతి ఎంత దగ్గరగా ఉంది అన్నది ముఖ్యం.

ఇంకొక చిట్కా ఉంది. గొట్టం మూతి చుట్టూ ఒక పలకను అమర్చితే వెనకవైపునుంచి అనవసరంగా వచ్చే గాలి ఆగిపోతుంది. అదే ఫ్యానుతో ముందువైపు వేగం దాదాపు మూడోవంతు పెరుగుతుంది. 5 సెం.మీ. దగ్గర 0.38 ఉన్నది 0.5 అవుతుంది. ఖర్చు ఒక ప్లైవుడ్ ముక్క మాత్రమే.

కావలసిన సామగ్రి

1. 12 ఓల్టుల డి.సి. కంప్యూటర్ ఫ్యాను, 120 మి.మీ. సైజు. పాత కంప్యూటర్ పెట్టెలో దొరికినా సరే.
2. 12 ఓల్టులు, 1 ఆంపియర్ అడాప్టర్. ఈ ఫ్యానుకు సాధారణంగా 0.3 ఆంపియర్ లోపే చాలు.
3. అడాప్టర్ పిన్నుకు సరిపోయే సాకెట్టు, ఒక చిన్న స్విచ్చి, స్లీవు.
4. 10 సెం.మీ. వ్యాసం గల ముడతల అల్యూమినియం పైపు, మీటరు లేదా మీటరున్నర. వంటింటి చిమ్నీ సామాన్లు అమ్మే చోట అడగండి.
5. ప్లైవుడ్ పలకలు, మరలు, సన్నటి ఇనుప జాలీ, గాలి కారకుండా అంటించే టేపు.

హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ, చెన్నైలోని రిచీ స్ట్రీట్, ముంబైలోని లామింగ్టన్ రోడ్ వంటి చోట్ల విద్యుత్ సామాన్లు తేలికగా దొరుకుతాయి. మీ ఊళ్ళోని కంప్యూటర్ రిపేరు దుకాణంలో అడిగినా పాత ఫ్యాను ఇస్తారు.

తయారుచేసే విధానం

ముందుగా కిటికీ పని. కిటికీలో ఒక రెక్క తెరిచి, ఆ ఖాళీకి సరిపోయేలా ప్లైవుడ్ పలక కోయండి. మధ్యలో 11.5 సెం.మీ. వ్యాసంతో గుండ్రని రంధ్రం చేసి, గాలి బయటకు పోయేలా ఫ్యానును లోపలివైపున బిగించండి. గాలి ఎటు పోతుందో తెలుసుకోవడం ఎలా? చాలా ఫ్యానుల అంచున బాణం గుర్తు ఉంటుంది. లేకపోతే సన్నటి కాగితం ముక్కను దగ్గర పెట్టి చూడండి.

ఫ్యానును గొట్టం చివర, కిటికీ దగ్గరే పెట్టడానికి ఒక కారణం ఉంది. అప్పుడు గొట్టం లోపలి పీడనం గది పీడనం కన్నా తక్కువగా ఉంటుంది. గొట్టానికి ఎక్కడైనా చిల్లు ఉంటే గదిలోని గాలి లోపలికి పోతుందే గానీ, పొగ గదిలోకి రాదు. ఫ్యానును బల్ల దగ్గర పెట్టి గొట్టంలోకి ఊదిస్తే దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది.

ఫ్యాను చదరంగా ఉంటుంది, పైపు గుండ్రంగా ఉంటుంది. ఈ రెంటినీ కలపడానికి ప్లైవుడ్‌తో చిన్న పెట్టె చేయండి. ఒకవైపు ఫ్యాను, ఎదురువైపు 10 సెం.మీ. రంధ్రం. పైపును ఆ రంధ్రంలో దూర్చి చుట్టూ టేపు వేయండి.

తర్వాత బల్ల పని. 30 సెం.మీ. చదరపు ప్లైవుడ్ పలక తీసుకుని అందులో 10 సెం.మీ. రంధ్రం చేయండి. రంధ్రం కింది అంచు బల్లకు 5 సెం.మీ. ఎత్తున ఉండాలి. వెనకవైపు పైపు రెండో చివరను అమర్చండి. ముందువైపు జాలీ బిగించండి. తీగముక్కలు లోపలికి పోకుండా అది ఆపుతుంది. పలక నిలబడడానికి వెనక రెండు త్రిభుజాకారపు చెక్కలు కొట్టండి. ఇదే మనం చెప్పుకున్న పలక మూతి.

ఇక విద్యుత్ కనెక్షన్. ఫ్యాను ఎర్ర తీగ ధనధ్రువానికి, నల్ల తీగ రుణధ్రువానికి. మూడో తీగ ఉంటే అది వేగాన్ని తెలిపే సంకేతానిది, దానిని స్లీవు తొడిగి వదిలేయండి. ఎర్ర తీగ దారిలో స్విచ్చి పెట్టండి. అడాప్టరును ఎట్టి పరిస్థితిలోనూ విప్పకండి. 230 ఓల్టులు దాని లోపలే ఉండిపోవాలి. మన చేతికి 12 ఓల్టులే రావాలి.

పైపును వీలైనంత పొట్టిగా, మలుపులు లేకుండా ఉంచండి. కంప్యూటర్ ఫ్యానుకు గాలిని చాలా లాగే శక్తి ఉంది గానీ, అడ్డంకిని తోసుకుపోయే బలం తక్కువ.

పరీక్షించి చూద్దాం

ప్రసారంలో తెరమీద చూసిన అగరువత్తి ప్రయోగం గుర్తుందా? అదే ఇప్పుడు మీరు చేయాలి. ఫ్యాను వేసి, వెలిగించిన అగరువత్తిని మూతికి 20 సెం.మీ. దూరంలో పట్టుకోండి. పొగ నిటారుగా మీ ముఖం వైపే లేస్తుంది. మెల్లగా దగ్గరకు జరపండి. ఒకచోట పొగ వంగుతుంది, ఇంకా దగ్గర అడ్డంగా పడుకుని జాలీలోకి పోతుంది. ఆ చోట బల్లమీద సుద్దతో గీత గీయండి. సర్క్యూట్ బోర్డు ఎప్పుడూ ఆ గీతకు లోపలే ఉండాలి.

ఇప్పుడు సీలింగ్ ఫ్యాను వేసి చూడండి. పొగ చెల్లాచెదురవుతుంది, మన సాధనం ఓడిపోతుంది. కాబట్టి సోల్డరింగ్ చేసేటప్పుడు సీలింగ్ ఫ్యాను ఆపాలి. ఎదురుగా ఉన్న తలుపు ఓరగా తెరిచి ఉంచాలి. గదిలోకి గాలి రాకపోతే బయటకు పోయేదేముంటుంది?

గాలి ప్రవాహాన్ని కొలవడం కూడా కష్టం కాదు. 50 లీటర్ల చెత్తసంచిని నలిపి గాలి లేకుండా చేసి, ఫ్యాను బయటివైపు మూతికి పట్టుకోండి. ఎన్ని సెకన్లకు ఉబ్బిందో గడియారంలో చూడండి. 4 సెకన్లయితే సెకనుకు 12.5 లీటర్లు. మీకు వచ్చిన అంకెను పై సూత్రంలో వేసి, వచ్చిన వేగాన్ని సుద్ద గీతతో పోల్చి చూడండి. లెక్క, కంటికి కనిపించేది దాదాపు ఒకే మాట చెబుతాయి.

నల్ల స్పాంజి చాలదా?

ఫ్యానుకు నల్లటి కార్బన్ స్పాంజి తగిలించి, పొగను వడకట్టి తిరిగి గదిలోకే వదిలే సాధనాలు బజారులో ఉన్నాయి. వాటితో సరిపెట్టుకోవచ్చా?

కొబ్బరి చిప్పల వంటి వాటిని బొగ్గుగా మార్చి, అధిక ఉష్ణోగ్రత వద్ద నీటి ఆవిరితో చర్య జరిపితే లెక్కలేనన్ని సూక్ష్మరంధ్రాలు ఏర్పడతాయి. అదే ఉత్తేజిత కార్బన్. ఒక్క గ్రాములోని రంధ్రాల గోడల వైశాల్యం సుమారు 1000 చదరపు మీటర్లు ఉంటుంది. అంటే చిటికెడు బొగ్గులో పాతిక సెంట్ల భూమి! వాయువుల అణువులు ఆ గోడలకు అంటుకుపోతాయి. దీనిని అధిశోషణం అంటారు.

కానీ స్పాంజి మందం 1 సెం.మీ. మాత్రమే. సెకనుకు ఒక మీటరు వేగంతో పోయే గాలి దానిలో ఉండేది సెకనులో నూరోవంతు. అంత కొద్ది సమయంలో కొంత వాసన తగ్గుతుంది. ఒక మైక్రాన్ కన్నా చిన్న కణాలు మాత్రం కంటికి కనిపించేంత పెద్దవైన స్పాంజి రంధ్రాలలోనుంచి హాయిగా దాటిపోతాయి. వాటిని పట్టే హెపా వడపోతలు ఉన్నాయి గానీ, వాటిగుండా గాలిని తోయడానికి కంప్యూటర్ ఫ్యాను బలం చాలదు.

ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. వాసన తగ్గింది కాబట్టి పొగ పోయిందనుకుని మనం ఇంకా దగ్గరకు వంగుతాం. ముక్కు చెప్పే సాక్ష్యాన్ని నమ్మకూడదు. కిటికీ లేని చోట స్పాంజి ఏమీ లేనిదానికన్నా మేలు, పొగనైనా ముఖానికి దూరంగా మళ్ళిస్తుంది. కిటికీ ఉన్న ఇంట్లో మాత్రం బయటకు పంపడమే సరైన పద్ధతి. అయితే ఆ దారి పక్కింటివారి కిటికీలోకి కాకుండా చూసుకోవాలి.

కొన్ని జాగ్రత్తలు

వేడి ఐరన్ ఎప్పుడూ స్టాండులోనే ఉండాలి, పలకకు ఆనకూడదు. నెలకొకసారి అడాప్టర్ తీసేసి ఫ్యాను రెక్కలకు అంటిన జిగురును తుడవండి. ఎదురుగాలి వీచే రోజుల్లో పొగ వెనక్కు రావచ్చు, కాబట్టి పని మొదలుపెట్టే ముందు ప్రతిసారీ ఒక నిమిషం అగరువత్తి పరీక్ష చేయండి.

సీసం పొగలో లేదన్నాను గానీ, సీసం లేదనలేదు. అది మీ వేళ్ళమీద ఉంటుంది. అక్కడినుంచి అన్నంలోకి, నోటిలోకి పోతుంది. పిల్లల మెదడు ఎదుగుదలకు అది ఎంతో హాని చేస్తుంది. రెండు చేతులూ ఖాళీ లేనప్పుడు తీగను పళ్ళతో పట్టుకునే అలవాటు చాలామందికి ఉంది. దయచేసి మానండి. ఆ బల్లమీద తినకండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి. ఈ సంగతిలో ఏ ఫ్యానూ మిమ్మల్ని కాపాడదు.

పని చేసే రోజుల్లో దగ్గు, ఆయాసం వచ్చి, సెలవుల్లో తగ్గుతుంటే జలుబని సరిపెట్టుకోకుండా డాక్టరును కలవండి. ఏ పని చేస్తున్నారో కూడా ఆయనకు చెప్పండి.

చివరగా ఒక పని అప్పగిస్తున్నాను. మీ వీధిలో సెల్‌ఫోన్లు బాగుచేసే అన్న ఒకరు ఉండే ఉంటారు. మీరు మీ బోర్డు మీద గంట పనిచేస్తారు, ఆయన రోజుకు పది గంటలు చేస్తారు. మీ సాధనం తయారయ్యాక ఒకరోజు ఆయన దుకాణానికి అగరువత్తి తీసుకువెళ్ళి, పొగ ఎటు పోతోందో ఇద్దరూ కలిసి చూడండి. రెండో సాధనం ఎక్కడ పెట్టాలో మీకే తెలుస్తుంది.